మాడ్రిడ్‌లో రెండు రోజులు, ఒక్కరే

శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచే విమానాశ్రయానికి వెళ్ళి, శని, ఆదివారాలు మరో దేశపు ఊళ్ళో గడిపి, సోమవారం పొద్దున మళ్ళీ అదే కుర్చీలో కూర్చోవడం ఇవాళ యూరప్‌లో ఎవరూ వింతగా చూడని పని. ఒక తరం కిందట అది డబ్బున్నవాళ్ళ సరదా. యూరోపియన్ యూనియన్ విమానయానం మీద ఉన్న ఆంక్షలను దశలవారీగా సడలిస్తూ వచ్చింది. 1997 ఏప్రిల్ నుంచి ఏ సభ్యదేశపు కంపెనీ అయినా మరే సభ్యదేశంలోనైనా విమానాలు నడుపుకునే వీలు కలిగింది. ర్యాన్‌ఎయిర్, ఈజీజెట్ లాంటి చౌక కంపెనీలు ఆ సందులోంచే పెరిగాయి. దానికి షెంగెన్ ఒప్పందం తోడైంది. ఇప్పుడు 29 దేశాల మధ్య మామూలు రోజుల్లో పాస్‌పోర్టు అడిగేవాళ్ళుండరు. మ్యూనిక్‌లో ఎం.ఎస్. చదివే గుంటూరు అమ్మాయికైనా, ఐండ్‌హోవెన్‌లో పనిచేసే వరంగల్ ఇంజనీరుకైనా అక్కడి నివాస కార్డు చేతిలో ఉంటే మిగతా దేశాలు చుట్టి రావడానికి వేరే వీసా అక్కర్లేదు. డబ్లిన్, లండన్‌లలో ఉండేవాళ్ళకు ఆ వెసులుబాటు లేదు. ఐర్లండ్, బ్రిటన్ షెంగెన్ బయట ఉన్నాయి కనుక భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు ముందే వీసా తీసుకోవాలి.

ఇన్ని సదుపాయాలు వచ్చాక కూడా ఒక్కరే బయల్దేరడం తెలుగువాళ్ళకు ఇంకా కొంచెం ఎబ్బెట్టే. మన యాత్రలు ఎప్పుడూ బలగంతోనే సాగాయి. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య వెంట పెద్ద పరివారమే కదిలింది. క్షేత్రానికి పదిమంది కలిసి వెళ్ళడంలో అర్థముంది. దారి ఖర్చూ, భయమూ, పుణ్యమూ పంచుకోవచ్చు. బొమ్మలు చూడడం, కొత్త తిండి తినడం మాత్రం పంచుకునే కొద్దీ పలచబడతాయి. ఒకరు ఒక పటం ముందు అరగంట నిలబడాలనుకుంటారు, పక్కనున్నవారికి రెండు నిమిషాలు చాలు. అరగంటవాళ్ళు మొహమాటపడి కదులుతారు, రెండు నిమిషాలవాళ్ళు మొహమాటపడి ఆగుతారు, చివరికి ఇద్దరూ ఏడెనిమిది నిమిషాల దగ్గర రాజీపడి ఏమీ చూడకుండా బయటికొస్తారు. తిండి దగ్గరా ఇదే తంతు. నలుగురికీ నచ్చే హోటల్ వెతికేసరికి అది ఎవరి ఊరి తిండీ కాని తిండి పెట్టే చోటవుతుంది.

అయితే ప్రతి ఊరూ ఒక్కరిని ఒకేలా ఆదరించదు. రాత్రి భోజనం అంటే ఇద్దరి బల్ల, ముందస్తు రిజర్వేషన్, రెండు గంటల తీరిక అని లెక్కేసుకునే ఊళ్ళలో ఒక్కరు లోపలికి అడుగుపెడితే తలుపు దగ్గరే ‘ఒక్కరేనా?’ అన్న చూపు ఎదురవుతుంది. మాడ్రిడ్ ఆ చూపు చూడదు. అక్కడ సగం జనం నిలబడే తింటారు. పైగా ఆ ఊరి మూడు పెద్ద మ్యూజియంలు, ప్రాదో, తీసెన్, రెయినా సోఫియా, ఒకే చెట్ల బాట వెంట నడిచి వెళ్ళే దూరంలో ఉన్నాయి. ఆ బాటనూ, పక్కనున్న రెతీరో తోటనూ కలిపి యునెస్కో 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రెండు రోజులే చేతిలో ఉన్నవారికి ఈ దగ్గరితనం చిన్న విషయం కాదు.

ప్రాదో మ్యూజియం 1819లో తెరుచుకుంది. హువాన్ దె వియనువేవా ఆ భవనాన్ని ప్రకృతి శాస్త్ర వస్తువుల కోసం గీశాడు; అందులోకి చివరికి రాజుల బొమ్మలు చేరాయి. ఇక్కడ ఉన్నవి ఎక్కువగా స్పెయిన్ రాజులు తమ ఇష్టం కొద్దీ కొన్నవీ, గీయించుకున్నవీ. అందుకే కొందరు చిత్రకారులు కొల్లలుగా ఉంటారు, కొందరు అసలే ఉండరు. గోడల మీద వెయ్యికి పైగా పటాలున్నాయి. పొద్దున పదింటికి టికెట్ కొని లోపలికి వెళ్ళి అన్నీ చూడాలనుకున్నవారికి మధ్యాహ్నానికి కాళ్ళనొప్పులు మిగులుతాయి. నాలుగైదు పటాలు ఎంచుకుని మిగతావాటి పక్కనుంచి నిర్దయగా నడిచిపోవాలి. తోడెవరూ లేనివారికి ఆ నిర్దయ సులువు.

ఆ నాలుగైదింటిలో వెలాస్కెత్ 1656లో గీసిన ‘లాస్ మెనీనాస్’ ఉండి తీరుతుంది. మూడు మీటర్లకు పైగా ఎత్తున్న పటం. మధ్యలో చిన్న రాకుమారి మార్గరీతా, చుట్టూ చెలికత్తెలు, మరుగుజ్జులు, పడుకున్న కుక్క, ఎడమ పక్కన పెద్ద కాన్వాసు ముందు కుంచె పట్టుకుని చిత్రకారుడే. వెనక గోడ మీది అద్దంలో రాజు ఫెలిపే నాలుగు, రాణి మసగ్గా కనిపిస్తారు. అద్దంలో కనబడుతున్నారంటే వాళ్ళు నిలబడాల్సిన చోటు పటం బయట, చూసేవారి కాళ్ళ కింద ఉందన్నమాట. చిత్రకారుడు తలెత్తి చూస్తున్నది అటువైపే. గదిలో ఎంత గుంపున్నా ఆ చూపు ఎదురుగా నిలబడినవారి మీదే వాలుతుంది. ప్రాదోలో ఫోటోలు తీయనివ్వరు కనుక ఫోన్లు లేవవు. ఈ ఒక్క నిబంధనకే ఆ మ్యూజియానికి దండం పెట్టొచ్చు.

ఒక్కరే మాడ్రిడ్‌కు బొమ్మల కోసం వచ్చినవాళ్ళలో అందరికంటే ప్రసిద్ధుడు ఫ్రెంచి చిత్రకారుడు ఎదూవార్ మానే. 1865లో పారిస్ వార్షిక ప్రదర్శనలో ఆయన ‘ఒలంపియా’ను జనం, పత్రికలు కలిసి ఎగతాళి చేశాయి. ఆ వేసవి చివర ఊరొదిలి స్పెయిన్ వెళ్ళాలనుకున్నాడు. వస్తామన్న స్నేహితులు తేల్చకపోవడంతో ఒక్కడే రైలెక్కాడు. ప్రాదోలో వెలాస్కెత్ పటాలు చూసి, చిత్రకారులందరిలోకీ చిత్రకారుడు ఇతనేనని మిత్రుడికి ఉత్తరం రాశాడు. ముఖ్యంగా పాబ్లో దె వయదొలిద్ అనే ఆస్థాన హాస్యగాడి బొమ్మ ఆయన్ను పట్టేసింది. అందులో గోడ లేదు, నేలకూ గోడకూ మధ్య గీత లేదు. నల్లబట్టల మనిషి చుట్టూ ఉన్నది గాలి మాత్రమే. మరుసటి ఏడాది మానే గీసిన పిల్లనగ్రోవి కుర్రాడి వెనకా అదే ఖాళీ. ఆ హాస్యగాడి బొమ్మ ఇప్పటికీ ప్రాదోలోనే ఉంది. దాని ముందు లాస్ మెనీనాస్ దగ్గరున్నంత తోపులాట ఉండదు.

చూపు విషయంలో అంత ఉదారుడైన మానే నాలుక విషయంలో ఉత్త పారిస్‌వాడే. ఆయన బస చేసిన హోటల్లో వడ్డించినవన్నీ తిప్పి పంపేసేవాడు. అదే భోజనశాలలో, పోర్చుగల్ నుంచి దూర ప్రయాణం చేసి ఆకలిగా వచ్చిన ఇంకో ఫ్రెంచివాడు ఆ వంటకాలనే ఆవురావురుమని తింటున్నాడు. తనను వెక్కిరించడానికే అలా తింటున్నాడనుకుని మానే అతని మీదికి లేచాడు. అతడు తెయోదోర్ ద్యూరే, తర్వాతి కాలంలో మానేకు ఆప్తమిత్రుడు, ఇంప్రెషనిస్టుల తరఫున గట్టిగా కలం పట్టిన విమర్శకుడు. ఈ కథ చెప్పింది ఆయనే. తిండి పడకే మానే అనుకున్నదాని కంటే ముందుగా పారిస్‌కు తిరిగి వెళ్ళిపోయాడు. బొమ్మలతో పాటు భోజనాన్నీ ఒప్పుకోగలిగితే ఆ ఊళ్ళో ఇంకొన్నాళ్ళు ఉండేవాడేమో!

ప్రాదోలోనే లూయిస్ మెలెందెత్ గీసిన వస్తుచిత్రాలున్నాయి. పద్దెనిమిదో శతాబ్దపు వంటింటి సామాను ఆయన దగ్గర రాచమర్యాదలందుకుంది: చేప ముక్క, నిమ్మకాయ, రాగి గిన్నెలు, రొట్టె పెచ్చు, పుచ్చకాయ ఎర్రటి కోత. ఒకదానిలో చాకొలెట్ కాచే రాగి పాత్ర, కప్పు, నంజుకునే రొట్టెలు ఉన్నాయి. ఇవి యువరాజు కోసం గీసినవి. గీసినవాడు మాత్రం 1780లో పేదరికంలో పోయాడు. ఆ చాకొలెట్ పాత్ర చూసినవారు అదే రోజు రాత్రి 1894 నాటి సాన్ హినేస్ అంగడికి వెళ్ళి, చెంచా నిలబడేంత చిక్కటి చాకొలెట్‌లో చూరోలు ముంచుకు తినవచ్చు. నూనెలో వేయించిన పిండి చుట్టలవి. చక్కెర తక్కువ, నూనె ఎక్కువ. ఒక్కరికి అరడజను చాలు.

అసలు మాడ్రిడ్‌లో తిండికి ముందు గడియారం సంగతి తెలుసుకోవాలి. మధ్యాహ్న భోజనం రెండు నుంచి నాలుగింటి మధ్య, రాత్రి భోజనం తొమ్మిది తర్వాత. సాయంత్రం ఆరింటికి ఆకలితో వెళితే చాలాచోట్ల వంటగది మూసే ఉంటుంది. దీనికి ఒక కారణం గడియారంలోనే ఉంది. స్పెయిన్ భౌగోళికంగా లండన్ వరుసలో ఉన్నా, 1940లో ఫ్రాంకో ప్రభుత్వం గడియారాన్ని గంట ముందుకు జరిపి జర్మనీతో కలిపింది. యుద్ధం ముగిసినా దాన్ని వెనక్కి తిప్పలేదు. సూర్యుడి లెక్కన వాళ్ళ రెండు గంటల భోజనం ఒంటిగంట భోజనమే. వేసవిలో మరో గంట కలుస్తుంది కనుక అది పన్నెండు గంటల భోజనం.

ఈ భోజనాల మధ్య ఖాళీని నింపేవి బార్లు. మన ఊళ్ళలో బార్ అనగానే మనసులో మెదిలే చీకటి గది ఇది కాదు. పొద్దున కాఫీ, పదకొండింటికి పలహారం, మధ్యాహ్నం భోజనం, రాత్రి వైన్, అన్నీ అక్కడే. చంకలో బిడ్డతో తల్లులూ, పేపరు పట్టుకుని తాతలూ వస్తారు. గోడ వారగా పొడవాటి కౌంటర్ ఉంటుంది. అక్కడ రిజర్వేషన్ లేదు, కుర్చీ కోసం ఎదురుచూపు లేదు. ఇడ్లీ బండి దగ్గర ప్లేటు పట్టుకుని నిలబడ్డ మనిషిని ‘పాపం, ఒక్కడే తింటున్నాడు’ అని ఎవరూ అనుకోనట్టే, మాడ్రిడ్ కౌంటర్ దగ్గర నిలబడ్డవారి గురించీ ఎవరూ అనుకోరు. బీరో, సోడా కలిపిన వైనో, మామూలు శీతల పానీయమో అడిగితే చాలాచోట్ల దాంతో పాటు ఆలివ్ కాయలో, ఓ చిన్న రొట్టె ముక్కో ఊరికే పెడతారు. ఇంకా కావాలంటే వంటకం కొలతలు గుర్తుపెట్టుకోవాలి. ‘రాసియోన్’ అంటే ఇద్దరు ముగ్గురు పంచుకునే పళ్ళెం. ‘మేదియా రాసియోన్’ అంటే అందులో సగం, ఒక్కరికి సరిపోయేది. బంగాళాదుంప, గుడ్లతో చేసే తోర్తియా అయితే ఒక్క ముక్కే అడగవచ్చు. అందులో ఉల్లిపాయ వేయాలా వద్దా అని ఆ దేశమంతా వాదించుకుంటుంది. వేస్తేనే బాగుంటుంది.

ఇలాంటి చోట్లలో పుయెర్తా దెల్ సోల్ కూడలికి దగ్గర్లో ఉన్న కాసా లాబ్రా పేరు చెప్పుకోవాలి. 1860లో మొదలైన అంగడి. ఉప్పుచేప కాడ్‌ను పిండిలో ముంచి వేయించిన బజ్జీ, కాడ్ క్రోకెట్లు, అంతే. జనం వాటిని చేత్తో పట్టుకుని వీధిలోకి కూడా వచ్చేస్తారు. స్పెయిన్ సోషలిస్టు పార్టీ 1879 మే 2న రహస్యంగా పుట్టింది ఈ అంగట్లోనే. పార్టీ దేశాన్ని ఎన్నోసార్లు ఏలింది, దిగింది. బజ్జీ మారలేదని అక్కడి వరస చూస్తే తెలుస్తుంది. సముద్రం రోడ్డు దారిన 350 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊరికి కడలి తిండి మీద ఇంత మోజేమిటో! ప్లాసా మయోర్ చుట్టుపక్కల సందుల్లో వేయించిన స్క్విడ్ చుట్టలను రొట్టెలో కుక్కి ఇచ్చే బొకదీయో మరో ఉదాహరణ. సాస్ ఏమీ ఉండదు, ఎండుగా ఉంటుంది. దాని కీర్తి రుచి కంటే కాస్త పెద్దది.

మాడ్రిడ్ సొంత వంట చలికాలపు వంట. కాయోస్ అంటే బోటీ, ఎర్ర మిరపపొడి, చోరీసో సాసేజి వేసి గంటల తరబడి ఉడికించింది. తెలంగాణలో బోటీ తిని పెరిగినవారికి ఇది బంధువుల ఇంటి వంటలా కాక సొంత వంటలానే అనిపిస్తుంది, కారం చాలదన్న ఫిర్యాదు తప్ప. కొసీదో ఇంకా పెద్ద వ్యవహారం. శనగలు, మాంసం, కూరగాయలు కలిపి ఉడికించి, ముందు ఆ రసంలో సేమ్యా వేసి సూప్‌గా, తర్వాత శనగలు, కూరగాయలు, చివర మాంసం, ఇలా విడతలుగా వడ్డిస్తారు. ఇది ఆదివారం ఇంటిల్లిపాదీ తినే వంట, ఒక్కరికి పనికిరాదని అనిపిస్తుంది. కానీ రాజభవనం దగ్గరి లా బోలాలో 1870 నుంచీ దాన్ని మనిషికొక మట్టికుండ చొప్పున బొగ్గుల మీద వండుతున్నారు. ఒక్కరే వెళ్ళినా ఒక కుండ వాళ్ళదే. తిన్నాక మ్యూజియం ఆలోచన మాత్రం పెట్టుకోకూడదు.

శాకాహారులకు ఈ ఊరు కష్టమే కానీ అసాధ్యం కాదు. చిక్కేమిటంటే పంది తొడ హామ్‌ను చాలామంది మాంసం లెక్కలోకే వేయరు. చల్లటి టమాటా సూప్ సల్మొరేహో మీద చల్లుతారు, పప్పులో సాసేజి వేస్తారు, కూరగాయల సలాడ్‌లో ట్యూనా కలుపుతారు. ‘సిన్ హామోన్, సిన్ అతూన్’, హామ్ వద్దు, ట్యూనా వద్దు, అని ముందే చెప్పాలి. తోర్తియా, మాంచేగో జున్ను, వంకాయ, టమాటాలతో చేసే పిస్తో, కారపు సాస్ పోసిన బంగాళాదుంపలు, నూనెలో వేయించి ఉప్పు చల్లిన పాద్రోన్ మిరపకాయలు ఉండనే ఉన్నాయి. ఆ మిరపకాయల్లో ఎక్కువ చప్పగా ఉండి, ఎప్పుడో ఒకటి కారంగా తగులుతుంది. స్పెయిన్‌వాళ్ళు దాన్నొక జూదంలా ఆడతారు. మిరప అమెరికా నుంచి ముందు ఐబీరియాకు, అక్కడి పోర్చుగీసు ఓడల మీద మన తీరానికి వచ్చింది. తల్లి ఒకటే అయినా గుంటూరు బిడ్డ గడుసుది.

శనివారం సాయంత్రానికి రెయినా సోఫియా సరిపోతుంది. ఒకప్పటి పెద్దాసుపత్రి అది. మంగళవారం సెలవు, శనివారం రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా ప్రవేశం ఉచితం. అందరూ వెళ్ళేది ‘గెర్నికా’ కోసమే, వెళ్ళడం న్యాయమే. 1937 ఏప్రిల్ 26న బాస్క్ ఊరు గెర్నికా మీద ఫ్రాంకో తరఫున జర్మన్, ఇటాలియన్ విమానాలు బాంబులు కురిపించాయి. అదే ఏడు పారిస్ ప్రదర్శనలో స్పెయిన్ మందిరం కోసం పికాసో దాదాపు ఏడు మీటర్ల ముప్పావు వెడల్పున ఈ పటం గీశాడు. తన దేశంలో స్వేచ్ఛ తిరిగొచ్చేదాకా అది అక్కడికి వెళ్ళకూడదన్నాడు. పటం న్యూయార్క్‌లో ఉండిపోయింది. ఆయన 1973లో, ఫ్రాంకో 1975లో పోయాక, 1981లో స్పెయిన్ చేరింది. దాంట్లో రంగు లేదు: నలుపు, తెలుపు, బూడిద. ఆ గదిలో జనం ఎక్కువ. పక్క గోడల మీద దోరా మార్ తీసిన ఫోటోలున్నాయి. పటం వారం వారం ఎలా మారిందో, ఏ చెయ్యి చెరిగిపోయి ఎక్కడ కొత్తది మొలిచిందో వాటిలో కనిపిస్తుంది. అక్కడ నిలబడేవాళ్ళు తక్కువ. ఓపికున్నవారికి పటం అర్థమయ్యేది అక్కడే.

తీసెన్ సంగ్రహం ఒక ధనిక కుటుంబానిది. 1992లో మ్యూజియంగా తెరుచుకుంది, మరుసటేడు స్పెయిన్ ప్రభుత్వం కొనేసింది. ప్రాదోలో లేనివన్నీ అక్కడ కొంచెం కొంచెం ఉంటాయి. సమయం తక్కువైతే వదిలేయదగ్గది ఈ మూడింటిలో ఇదే. వదలకపోతే మాత్రం ఎడ్వర్డ్ హాపర్ 1931లో గీసిన ‘హోటల్ గది’ దగ్గర ఆగాలి. మంచం మీద ఒకామె ఒక్కర్తే కూర్చుని ఏదో కాగితం చదువుకుంటోంది. అది రైళ్ళ వేళల పట్టిక అని హాపర్ భార్య రాసి పెట్టింది. సంచులు ఇంకా విప్పలేదు.

ఆదివారం పొద్దున ఎక్కువమంది ఎల్ రాస్త్రో సంతకు వెళ్తారు. పాత సామాను, చౌక బట్టలు, జేబుదొంగలు, మూడూ అక్కడ సమృద్ధి. తర్వాత లా లతీనా పేటలో భోజనానికి ముందు పీపా కొళాయి నుంచి పట్టి ఇచ్చే వెర్మూత్ తాగడం ఊరి ఆచారం. అంతకంటే మంచి దారి ఒకటుంది. ప్రిన్సిపె పియో స్టేషన్ దగ్గర, నది ఒడ్డున, సాన్ అంతోనియో దె లా ఫ్లోరిదా అనే చిన్న గుడి ఉంది. 1798లో గోయా దాని గుమ్మటం లోపలివైపు బొమ్మలు వేశాడు. సంత్ ఆంథోనీ చచ్చినవాణ్ణి బతికిస్తున్నాడు. చుట్టూ కటకటాలకు ఆనుకుని నిలబడ్డవాళ్ళు మాత్రం దేవదూతలు కాదు, ఆనాటి మాడ్రిడ్ వీధి జనం. కొందరు అద్భుతాన్ని చూస్తున్నారు, కొందరికి అటు ధ్యాసే లేదు, పిల్లలు కటకటాలెక్కుతున్నారు. ఫ్రెస్కోలకు కొవ్వొత్తుల పొగ తగలకూడదని పక్కనే అచ్చు అలాంటి ఇంకో గుడి కట్టి పూజలు అందులోకి మార్చారు. గోయా 1828లో ఫ్రాన్స్‌లో పోయాడు. తవ్వి తీసినప్పుడు తల కనబడలేదు. మిగిలిన అస్థికలు 1919 నుంచీ ఆ గుమ్మటం కిందే ఉన్నాయి. ప్రవేశం ఉచితం, జనం తక్కువ.

గుడి నుంచి నాలుగడుగుల్లో కాసా మింగో, 1888 నాటి పళ్ళరసపు సారాయి అంగడి. అస్తూరియాస్ ఆపిల్ సైడర్, నిప్పుల మీద తిప్పి కాల్చిన కోడి, ఘాటైన నీలి జున్ను, వంటకాల పట్టిక దాదాపు అంతే. కోడి ఒక్కరికి ఎక్కువే. మిగిలింది పొట్లం కట్టిస్తారు. విమానంలో అమ్మే సాండ్‌విచ్ కంటే నయం.

బసకు ప్రాదోకు నడిచి వెళ్ళగల లాస్ లేత్రాస్ పేట వీలైనది. ఒకప్పుడు సెర్వాంతెస్, లోపె దె వేగా ఉన్న వీధులు. అక్కడి పాతకాలపు ‘ఓస్తాల్’ అనే చిన్న లాడ్జీల్లో ఒంటి మంచం గదులు ఇంకా ఉన్నాయి. పెద్ద హోటళ్ళలో ఒక్కరికీ ఇద్దరి అద్దే పడుతుంది. అర్ధరాత్రి దిగేవారికి విమానాశ్రయం నుంచి రాత్రంతా నడిచే బస్సుంది. వీధులు రాత్రి ఒంటిగంట దాకా జనంతో ఉంటాయి కనుక ఒక్కరే నడవడానికి చాలా యూరప్ ఊళ్ళ కంటే ఇక్కడ బెరుకు తక్కువ. ఫోన్, పర్సు మాత్రం మెట్రోలో ముందు జేబులోనే ఉండాలి.

ప్రాదోలో శనివారం సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది, ఆదివారం ఐదు నుంచి ఏడు దాకా ప్రవేశం ఉచితం. వరస పొడుగ్గా ఉంటుంది. మొదటిసారి చూడడానికి ఆ వేళ పనికిరాదు. ముందురోజు టికెట్ కొని చూసినవాటిలో మళ్ళీ చూడాలనిపించిన ఒక్క పటం కోసం వెళ్ళడానికి సరిగ్గా సరిపోతుంది. ఇక కాలం సంగతి. అక్టోబరు, నవంబరు, ఫిబ్రవరి, మార్చి మంచివి. ఆగస్టులో టికెట్ చౌకగా దొరికినా కొనకండి. ఎండ 35 డిగ్రీలు దాటుతుంది, ఊరివాళ్ళు సముద్రం దారి పడతారు, ఇక్కడ చెప్పుకున్న తరహా కుటుంబ బార్లలో చాలావాటికి నెలాఖరుదాకా షట్టరు దించే ఉంటుంది.